విమాన ప్రయాణికుల ప్రశ్నలకు తెలుగులో జవాబిచ్చే అసిస్టెంట్: ముందు తేల్చుకోవాల్సింది మోడల్ గురించి కాదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీరు ఐదుగురు కలిసి తెలుగులో ఒక వర్చువల్ అసిస్టెంట్ తయారు చేస్తున్నారు. విమాన ప్రయాణం గురించి జనం ఏం అడిగినా అది జవాబివ్వాలి. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనలు, ఎయిర్‌లైన్ల వెబ్‌సైట్లు అన్నీ దానికి అందిస్తే సరిపోతుందా, దాని వెనుక ఏ ఏఐ భాషా మోడల్ వాడాలి అని అడిగారు.

మోడల్ గురించి చివర్లో చెప్తాను. నేను పదిహేడేళ్లు ఎయిర్‌పోర్టు కౌంటర్లలో, హెల్ప్‌డెస్కులో పనిచేశాను. గత మూడేళ్లుగా ఇలాంటి అసిస్టెంట్లకు జవాబులు రాయడం, అవి ఇచ్చిన తప్పుడు జవాబులు ఏరి సరిచేయడం నా పని. ఈ మూడేళ్లలో తప్పయిన జవాబుల్లో సమాచారం దొరక్క తప్పయినవి తక్కువ. సమాచారం దొరికింది, కానీ ఆ విషయంలో మాట చెల్లేవాళ్లు చెప్పింది కాదు. ఎక్కువ తప్పులు అక్కడివే.

ఒక తల్లి దుబాయ్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్తోంది. "గసగసాలు పట్టుకెళ్లొచ్చా?" అని అడిగింది. మన దగ్గర సెక్యూరిటీ చెకింగులో గసగసాలకు అడ్డు లేదు. ఎయిర్‌లైన్‌కీ అభ్యంతరం లేదు. ఈ రెండూ చదివిన అసిస్టెంట్ "తప్పకుండా తీసుకెళ్లొచ్చు" అంటుంది. కానీ యూఏఈలో గసగసాలు నిషిద్ధం, మాదక పదార్థాల చట్టం కింద లెక్క. అక్కడ దిగాక పట్టుబడితే ఆవిడ మీద కేసు అవుతుంది. ఇక్కడ మాట చెల్లేది దిగే దేశానిది, విమానం ఎక్కించేవాళ్లది కాదు.

ఇంకో అడుగు ముందుకెళ్లండి. ఆవిడ గసగసాల పేరే ఎత్తకపోవచ్చు. "ఇంట్లో దంచిన మసాలా పొడి పెట్టుకోవచ్చా?" అని అడుగుతుంది. మన ఇళ్లలో చాలామంది మసాలాలో గసగసాలు వేస్తారని తెలిసినవాళ్లు ఆ మాట వినగానే "ఎక్కడికి వెళ్తున్నారమ్మా? అందులో గసగసాలు కలిపారా?" అని ఎదురు అడుగుతారు. మీ అసిస్టెంట్ కూడా అడగాలి. తెలుగువాళ్ల కోసం తెలుగువాళ్లు తయారు చేస్తున్నారు కదా, మీరు చేసే దానికి అసలు విలువ ఇలాంటి చోటే. ఇంగ్లిష్ అసిస్టెంటును తెలుగులోకి మార్చేవాళ్లకు ఇది తట్టదు.

అందుకని ముందు ఒక కాగితం తీసుకుని, ఏ ప్రశ్న ఎవరి పరిధిలోదో రాసుకోండి. ఫ్లైటు రద్దయితే, ఆలస్యమైతే కనీసం ఏం ఇవ్వాలో డీజీసీఏ చెప్తుంది. సెక్యూరిటీ దగ్గర ఏ వస్తువు వదలాలి, ఏది ఆపాలి అన్నది విమానయాన భద్రత చూసే కేంద్ర సంస్థ బీసీఏఎస్ చెప్తుంది, శంషాబాద్ లాంటి చోట్ల దాన్ని అమలు చేసేది కేంద్ర భద్రతా దళం సీఐఎస్ఎఫ్. ఎన్ని కిలోలు, ఎన్ని బ్యాగులు, గర్భిణులు ఎన్నో వారం దాకా ప్రయాణించొచ్చు, ఇవన్నీ ఎయిర్‌లైన్‌వి. బంగారం, టీవీ, మద్యం కస్టమ్స్‌వి. వీసా సంగతి ఆ దేశానిది. ముఖం చూపించి ఎయిర్‌పోర్టులోకి వెళ్లే డిజీ యాత్ర యాప్‌లో ముఖం నమోదు కాకపోతే దానికి వేరే ఫౌండేషన్ ఉంది. ట్రాలీ, పార్కింగ్, వీల్‌చెయిర్ తీసుకునే చోటు ఎయిర్‌పోర్టు నిర్వాహకులది. నిబంధనల గురించి అసిస్టెంట్ ఇచ్చే ప్రతి జవాబు వెనుక ఈ పేర్లలో ఒకటి ఉండాలి. ఏ పేరూ లేకపోతే ఆ జవాబు బయటికి వెళ్లకూడదు.

ఒకే వస్తువు మీద ఇద్దరు ముగ్గురి మాట చెల్లే సందర్భాలూ ఉంటాయి. పవర్‌బ్యాంక్ తీసుకోండి. చెకిన్ లగేజీలో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే ఉండాలి. 100 వాట్-అవర్ల (బ్యాటరీలో పట్టే శక్తికి కొలత) లోపుంటే సాధారణంగా సమస్య లేదు, 100 నుంచి 160 మధ్య అయితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, 160 దాటితే కుదరదు. ఇది అంతర్జాతీయంగా ఉన్న లెక్క. కానీ ఎమిరేట్స్ 2025 అక్టోబరు 1 నుంచి మనిషికి ఒక్క పవర్‌బ్యాంక్ మాత్రమే, అదీ విమానంలో వాడకూడదు అని పెట్టింది. హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా అమెరికా వెళ్లే పిల్లలు బ్యాగులో రెండేసి పెట్టుకుంటారు. వాళ్లకు ఉమ్మడి నిబంధన ఒక్కటే చెప్తే సగం జవాబే చెప్పినట్టు.

ఇందులోనే ఇంకో చిక్కుంది. పవర్‌బ్యాంక్ మీద వాట్-అవర్లు చిన్న అక్షరాల్లో ఉంటాయి, పెద్దగా కనిపించేది 20,000 ఎంఏహెచ్. జనం అడిగేది కూడా "ఇరవై వేలది తీసుకెళ్లొచ్చా?" అనే. 20,000ని 3.7 వోల్టులతో గుణించి వెయ్యితో భాగిస్తే 74 వాట్-అవర్లు, ఇబ్బంది లేదు. అదే 30,000ది అయితే 111, అనుమతి అడగాలి. ఈ లెక్కను భాషా మోడల్ చేతికి ఇవ్వకండి. అంకెలు తీసుకుని గుణించే నాలుగు లైన్ల కోడ్ రాసి, వచ్చిన ఫలితాన్ని మాత్రం మోడల్‌తో చెప్పించండి. మోడల్ తొంభై తొమ్మిది సార్లు సరిగ్గా చెప్పి, నూరోసారి ఎవరి బ్యాగో సెక్యూరిటీ దగ్గర తెరిపిస్తుంది.

ఇక తేదీల సంగతి. కొన్ని నిబంధనలకు గడువు ఉంటుంది. మామూలుగా కొబ్బరికాయను చేతి బ్యాగులో రానివ్వరు. 2024 అక్టోబరులో శబరిమల వెళ్లే అయ్యప్ప భక్తులు ఇరుముడిలో కొబ్బరికాయను విమానంలో తమతోపాటు తీసుకెళ్లొచ్చని బీసీఏఎస్ అనుమతించింది. పౌర విమానయాన మంత్రి, మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు ప్రకటించారు. ఆ అనుమతి 2025 జనవరి 20 వరకే. ఆ వార్త మాత్రం ఇంటర్నెట్‌లో ఎప్పటికీ ఉంటుంది. మీ అసిస్టెంట్ వేసవిలో ఆ వార్త చదివి "తీసుకెళ్లొచ్చు స్వామీ" అంటే, ఆ స్వామి ఇరుముడి కట్టుకుని సెక్యూరిటీ లైన్లో నిలబడ్డాక ఏం చేయాలి? దీక్షలో ఉన్న మనిషిని అక్కడ కాయ తీసేయమనడం ఎంత బాధాకరమో ఆ కౌంటర్లో నిలబడినవాళ్లకు తెలుసు. కాబట్టి మీరు దాచుకునే ప్రతి జవాబుకూ ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు, చివరిసారి ఎవరు సరిచూశారు అన్న మూడు గడులు ఉండాలి. గడువు దాటిన జవాబు దానంతటదే పక్కకు పోవాలి.

అంకెలు పాతబడటమూ ఇలాంటిదే. అంతర్జాతీయ ప్రయాణంలో సామాను పోతే ఎయిర్‌లైన్ బాధ్యతకు మాంట్రియల్ ఒప్పందం ఒక పరిమితి పెట్టింది. అది 1,288 ఎస్‌డీఆర్‌లుగా (అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్కకు వాడే యూనిట్) ఉండేది, 2024 డిసెంబరు 28 నుంచి 1,519 అయింది. పాత అంకె వేల పేజీల్లో ఉంది, కొత్తది కొన్నింటిలోనే. మోడల్ ఎక్కువసార్లు చదివిందే నమ్ముతుంది. వదిలేస్తే పాతదే చెప్తుంది.

ఇప్పుడు నన్ను ఎక్కువ బాధపెట్టే తప్పు చెప్తాను. ఫ్లైటు రద్దయినప్పుడు పరిహారం ఎంత అన్న ప్రశ్న రోజూ వస్తుంది. డీజీసీఏ నిబంధనలో మూడు మెట్లున్నాయి. విమానం బయల్దేరే చోట కదిలినప్పటి నుంచి దిగాక ఆగేవరకు పట్టే సమయం లెక్క, అంటే బ్లాక్ టైమ్, గంట వరకు అయితే 5,000 రూపాయలు, గంట నుంచి రెండు గంటలైతే 7,500, రెండు గంటలు దాటితే 10,000. ఈ మూడింటి పక్కనా ఒక మాట ఉంటుంది: లేదా ఒకవైపు బేసిక్ ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం, ఆ అంకె, ఈ మొత్తం రెండింటిలో ఏది తక్కువైతే అది. అసిస్టెంట్లు జవాబును క్లుప్తం చేసేటప్పుడు మొదట ఎగిరిపోయేది ఈ "ఏది తక్కువైతే అది" అన్న మాటే. హైదరాబాద్ నుంచి విశాఖ టికెట్లో బేసిక్, ఇంధన ఛార్జీ కలిపి 2,800 ఉంటే, పరిహారానికి అర్హత ఉన్నా వచ్చేది 2,800. అసిస్టెంట్ మాత్రం 7,500 అని చెప్పి పంపిస్తుంది. ఆ మనిషి కౌంటర్ దగ్గరికి వచ్చి ఫోన్ చూపించి గొడవ పెట్టుకుంటాడు, కౌంటర్లో పిల్ల ఏడుస్తుంది. నేను కళ్లారా చూశాను.

అర్హత దగ్గర కూడా మెలికలున్నాయి. వాతావరణం బాగోలేక, ఏటీసీ (విమానాల రాకపోకలను నియంత్రించే విభాగం) కారణంగా, భద్రతా కారణంగా రద్దయితే పరిహారం ఉండదు. డిసెంబరు, జనవరిలో ఢిల్లీ పొగమంచుకు రద్దయినవాటికి ఇదే వర్తిస్తుంది. టికెట్ డబ్బు వాపసు వేరు, పరిహారం వేరు, ఈ రెండింటినీ జనం ఒకటే అనుకుంటారు. అసిస్టెంట్ మొదటి వాక్యంలోనే వేరు చేసి చెప్పాలి. ఇంకొకటి, బుక్ చేసేటప్పుడు సరైన ఫోన్ నంబరు, మెయిల్ ఇవ్వనివాళ్లకు పరిహారం ఇవ్వక్కర్లేదని నిబంధనలో ఉంది. మన ఊళ్లలో టికెట్ ఏజెంటు దగ్గర తీస్తాం, అతను తన నంబరే ఇస్తాడు. రద్దయిందన్న మెసేజీ అతనికి వెళ్తుంది, ఆ సమయానికి అతను నిద్రపోతుంటాడు. అందుకే పరిహారం అడిగినవాళ్లను అసిస్టెంట్ ముందు రెండు మాటలు అడగాలి: ఎందుకు రద్దయిందని చెప్పారు? టికెట్ మీద ఎవరి నంబరుంది?

"తప్పు చెప్తే ఏమవుతుంది, కింద చిన్న అక్షరాల్లో గమనిక పెడతాం" అని మీ బృందంలో ఎవరైనా అంటే వాళ్లకు ఎయిర్ కెనడా కేసు చెప్పండి. 2022 నవంబరులో ఒకాయన నానమ్మ చనిపోతే వాంకూవర్ నుంచి టొరంటో వెళ్లాల్సి వచ్చింది. దగ్గరివాళ్లు పోయినప్పుడు ఇచ్చే తగ్గింపు ఛార్జీ గురించి ఆ ఎయిర్‌లైన్ వెబ్‌సైట్లోని చాట్‌బాట్‌ను అడిగాడు. టికెట్ ఇచ్చిన 90 రోజుల్లోపు దరఖాస్తు చేస్తే తేడా వాపసిస్తామంది. అసలు నిబంధన ప్రకారం ప్రయాణం అయ్యాక అడగడానికి లేదు. విషయం బ్రిటిష్ కొలంబియాలోని ట్రిబ్యునల్‌కు వెళ్లింది. చాట్‌బాట్ చెప్పినదానికి అదే బాధ్యురాలు, దాన్ని వేరే వ్యక్తిలా చూడాలన్న తరహాలో ఎయిర్‌లైన్ వాదించింది. 2024 ఫిబ్రవరి 14న ట్రిబ్యునల్ ఆ వాదన కొట్టేసింది. వెబ్‌సైట్లో పేజీ చెప్పినా బాట్ చెప్పినా అది సంస్థ మాటే అంది. నష్టపరిహారం 650 డాలర్ల 88 సెంట్లు, వడ్డీ, ఖర్చులు కలిపి 812 డాలర్ల 2 సెంట్లు. సొమ్ము చిన్నదే. కానీ గమనించండి, అదే వెబ్‌సైట్లో ఇంకో పేజీలో సరైన నిబంధన ఉంది. బాట్ జవాబులో దానికి లింకు కూడా ఉంది. అయినా ఆ లింకు ఎయిర్‌లైన్‌ను కాపాడలేదు.

భాష సంగతికొస్తే, మీకు రాబోయే ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేసిన తెలుగే. అందులో ఒక్కొక్కరి స్పెల్లింగు ఒక్కో రకం. పెద్దవాళ్లు వాట్సాప్‌లో వాయిస్ పంపిస్తారు. ఇవన్నీ అర్థం చేసుకోవడం ఇప్పటి మోడళ్లకు పెద్ద కష్టం కాదు. కష్టం ఎక్కడంటే, అడిగిన మాట ఒకటి, కావలసింది ఇంకొకటి అయినప్పుడు. "సామాను రాలేదు" అంటే బెల్టు మీదికి ఇంకా రాలేదా, ఇంటికెళ్లిపోయాక ఒక బ్యాగు తక్కువైందా, రేపు పంపిస్తామన్నది రాలేదా? మొదటి సందర్భమైతే వెంటనే చెప్పాల్సిన మాట ఒకటే: బయటికి వెళ్లకండి, ఎరైవల్ హాల్లోనే ఎయిర్‌లైన్ డెస్కు దగ్గర పీఐఆర్ (సామాను అందలేదన్న ఫిర్యాదు పత్రం) రాయించి కాపీ తీసుకోండి. మూడోదైతే గడువులు చెప్పాలి. అంతర్జాతీయ ప్రయాణంలో సామాను పాడైతే అందిన 7 రోజుల్లో, ఆలస్యంగా వస్తే చేతికందిన 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. ఏదో తేలకముందే పెద్ద వ్యాసం దింపేస్తే, బెల్టు దగ్గర నిలబడ్డ మనిషి దాన్ని చదవడు, బయటికి వెళ్లిపోతాడు. ఆ తర్వాత లోపలికి రావడం ఎంత కష్టమో తెలుసు కదా.

అర్ధరాత్రి ఫ్లైట్ల గురించి ప్రత్యేకంగా రాయాలి. గల్ఫ్‌కీ, అటు నుంచి అమెరికాకూ వెళ్లే ఫ్లైట్లు చాలావరకు అర్ధరాత్రి దాటాక బయల్దేరతాయి. టికెట్ మీద 15వ తేదీ 00:40 అని ఉంటుంది. మన లెక్కలో రోజు తెల్లవారితే మొదలవుతుంది, కాబట్టి "15 రాత్రి ఫ్లైటు" అని ఇంట్లో అందరికీ చెప్పుకుంటారు. ఒకసారి మా కౌంటర్ దగ్గరికి ఒక పెద్దాయన, ఆవిడ వచ్చారు. కూతురి కాన్పుకు వెళ్తున్నారు. నాలుగు పెట్టెలకూ తాళ్లు కట్టి, వాటి మీద మార్కర్‌తో కూతురి పేరు రాశారు. 15వ తేదీ రాత్రి తొమ్మిదిన్నర. వాళ్ల విమానం వెళ్లిపోయి అప్పటికి ఇరవై గంటలు దాటింది. పెద్దాయన టికెట్ తీసి చూపించి, "పదిహేనే కదమ్మా ఉంది" అన్నారు. పదిహేనే ఉంది. ఆయన తప్పు చదవలేదు.

మూడేళ్ల కింద మేము ఒక అసిస్టెంటును పరీక్షిస్తున్నప్పుడు నేను వేసిన మొదటి ప్రశ్న ఇదే. "మీ విమానం 15వ తేదీ 00:40 గంటలకు బయలుదేరుతుంది" అంది. నిజమే, కానీ ఆ పెద్దాయనకు ఉపయోగపడని నిజం. ఇప్పుడు మా జవాబు ఇలా ఉంటుంది: "మీరు 14వ తేదీ సాయంత్రమే ఇంటి నుంచి బయల్దేరాలి. 14 రాత్రి తొమ్మిదిన్నరకల్లా ఎయిర్‌పోర్టులో ఉండండి. తెల్లవారితే 15." రాత్రి 12 నుంచి తెల్లవారుజామున 4 మధ్య బయల్దేరే ఏ ఫ్లైటు గురించి అడిగినా, అడగకపోయినా ఈ వాక్యం రావాలని కోడ్‌లో నియమం పెట్టాం. మీరూ పెట్టండి.

గేటు మారిందా, ఎంత ఆలస్యం, ఏ బెల్టు అన్నవి మోడల్‌కు తెలియవు, తెలిసినట్టు మాట్లాడకూడదు. ఎయిర్‌లైన్ నుంచో ఎయిర్‌పోర్టు నుంచో ఆ క్షణానికి వచ్చే సమాచారం మీకు అందే ఏర్పాటు ఉంటే అది చూపించండి, ఎప్పుడు తీసుకున్నదో సమయం వేయండి. లేకపోతే ఎక్కడ చూడాలో చెప్పి ఊరుకోవాలి.

భయం గురించి వచ్చే ప్రశ్నలను మీరు ఊహించి ఉండరు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా 171 కూలింది. విమానంలో ఉన్న 242 మందిలో ఒక్కరే బతికారు. ఆ తర్వాత కొన్ని వారాల పాటు సామాను ప్రశ్నలకంటే ఇవే ఎక్కువ వచ్చాయి: "ఆ విమానం ఎక్కొచ్చా? మా అబ్బాయి టికెట్ అదే మోడల్‌లో ఉంది." ఇలాంటి చోట రెండు పనులు చేయాలి. ఒకటి, కారణం గురించి దర్యాప్తు సంస్థ ఏఏఐబీ ప్రకటించింది తప్ప ఒక్క ముక్క ఎక్కువ చెప్పకూడదు. ప్రమాదం జరిగిన 30 రోజుల్లో ప్రాథమిక నివేదిక ఇవ్వాలన్నది అంతర్జాతీయ పద్ధతి, ఇక్కడ జూలై 12న వచ్చింది. అది ప్రాథమికమే, తుది నిర్ణయం కాదు అని చెప్పాలి. టీవీల్లో వచ్చిన ఊహలన్నీ మోడల్ చదివి ఉంటుంది, వాటిని బయటికి రానివ్వకండి. రెండోది, "నమస్తే! మీకు ఎలా సహాయపడగలను?" అన్న నవ్వు ముఖం బొమ్మను ఆ రోజుల్లో తీసేయాలి. ఒక్క నొక్కుతో తీసేసే ఏర్పాటు ముందే ఉండాలి. ప్రమాదం జరిగిన గంటలో దాని కోసం కోడ్ రాస్తూ కూర్చోలేరు.

మామూలు రోజుల్లో వచ్చే భయానికి మాత్రం నిండుగా జవాబివ్వనివ్వండి. కుదుపులకు రెక్క విరిగిపోతుందా అని అడిగితే, విమానానికి తన జీవితంలో ఎదురవ్వొచ్చని లెక్కగట్టిన గరిష్ఠ భారానికి ఒకటిన్నర రెట్లు తట్టుకుంటుందని నిరూపించాకే ధ్రువపత్రం ఇస్తారని చెప్పొచ్చు. ఒక ఇంజిన్ ఆగినా రెండోదానితో పైకి లేచి దిగగలిగేలా తయారు చేస్తారని చెప్పొచ్చు. కుదుపుల్లో గాయపడేవాళ్లలో ఎక్కువమంది బెల్టు పెట్టుకోనివాళ్లే, కూర్చున్నంతసేపూ పెట్టుకోండి అని చెప్పొచ్చు. ఈ జవాబులు పాతబడవు, ఎవరి అనుమతీ అక్కర్లేదు, మోడళ్లు వీటిని తెలుగులో చాలా బాగా చెప్తాయి.

అమెరికాలో రవాణా భద్రతా సంస్థ టీఎస్ఏ 2015 నుంచి సోషల్ మీడియాలో జనం ప్రశ్నలకు జవాబిస్తోంది. వస్తువు ఫొటో తీసి పంపి "ఇది తీసుకురావొచ్చా" అని అడగొచ్చు. ఆటోమేటిక్ జవాబుల వెనుక మనుషులూ ఉంటారు. ఫొటో ఆలోచన మీరు తప్పక తీసుకోండి. అప్పడాల కర్రను, కత్తిపీటను, దీపపు కుందిని మాటల్లో వివరించడం కంటే ఫొటో తీయడం తేలిక. చివరి మాట సెక్యూరిటీ అధికారిదే అని కూడా చెప్పండి, అనుమానం ఉన్నవి చెకిన్‌లో వేసుకోమనండి.

మనిషికి అప్పగించేటప్పుడు అంతవరకు జరిగిన సంభాషణ కూడా వెళ్లాలి. మళ్లీ మొదటి నుంచి చెప్పించడం కోపం తెప్పిస్తుంది. ఎయిర్‌లైన్ పట్టించుకోలేదంటే పౌర విమానయాన శాఖ ఫిర్యాదుల వేదిక ఎయిర్‌సేవాలో ఫిర్యాదు ఎలా పెట్టాలో చూపించాలి. ఇక పాస్‌పోర్టు నంబరు, ఆధార్ ఎప్పుడూ అడగొద్దు. పీఎన్ఆర్, ఇంటిపేరు రెండూ ఉంటే చాలు, ఎవరైనా టికెట్ తెరిచి చూడొచ్చు. జనం బోర్డింగ్ పాస్ ఫొటో పంపేస్తారు, దాన్ని దాచకుండా చెరిపేయండి.

మోడల్ విషయం: తెలుగు బాగా అర్థం చేసుకునేది ఏదైనా పర్లేదు, ఏడాదిలో మారుస్తారు. మారినా నిలిచేది మీ ప్రశ్నల పట్టిక. దాన్ని మీరు ఇంటర్నెట్ నుంచి తయారు చేయకండి. ఒక శుక్రవారం రాత్రి ఏడు నుంచి ఒంటిగంట దాకా శంషాబాద్‌లో డిపార్చర్స్ బయట రెయిలింగ్ దగ్గర నిలబడండి. ఊరి నుంచి జీపు కట్టించుకుని పది మంది సాగనంపడానికి వస్తారు. లోపలికి వెళ్లే ఒక్క మనిషికి ఆ పది మంది చెప్పే జాగ్రత్తలు, వాళ్లు ఒకరినొకరు అడిగే సందేహాలు నోట్‌బుక్‌లో రాసుకోండి. రాసుకున్నవి ఇక్కడ పెడితే ఏది ఎవరి పరిధిలోదో నేను కూర్చుని గుర్తుపెట్టి ఇస్తాను.